గర్భసంచి తీసేశాక దాంపత్యం

గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి బయల్దేరే ఆడమనిషికి ఏ ఆసుపత్రిలోనైనా చెప్పే జాగ్రత్తలు దాదాపు ఒకటే. బరువులు ఎత్తొద్దు, నీళ్ళ బిందెలు మోయొద్దు, కుట్లు తడవనివ్వొద్దు, మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, వారం పది రోజుల్లో వచ్చి చూపించుకోవాలి. అన్నీ అయ్యాక నర్సు గొంతు తగ్గించి "రెండు నెలలు దూరంగా ఉండండి" అంటుంది. ఎందుకు దూరంగా ఉండాలో, రెండు నెలల తర్వాత శరీరం ఎలా ఉంటుందో, అప్పుడు నొప్పి వస్తే ఎవరిని అడగాలో ఆ మాటలో ఉండదు. అడగడానికి పక్కన అత్తగారో, అన్నో, భర్తో ఉంటారు. ఆమె తలూపి బయటికి వచ్చేస్తుంది. దాంపత్య జీవితం గురించి వైద్యవ్యవస్థ ఆమెతో మాట్లాడే మొదటి మాటా చివరి మాటా చాలాసార్లు అదే అవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మౌనం ఎందుకంత బరువైనదో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీసేసినవాళ్ళు 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. అంతకుముందు 2015–16 సర్వేలోనూ దేశంలో మొదటి రెండు స్థానాలు ఈ రెండు రాష్ట్రాలవే. ఆపరేషన్ అయ్యేనాటికి వయసు 34 ఏళ్ళ అటూ ఇటూగా ఉంటోంది. ఆ వయసు ఆడమనిషికి ఇంకా పాతికేళ్ళ కాపురం ముందుంటుంది. అమెరికాలోనో యూరప్‌లోనో ఈ ఆపరేషన్ ఎక్కువగా నలభై దాటాక, ముట్లుడిగే దశ దగ్గరపడ్డాక జరుగుతుంది. అక్కడి ఆడవాళ్ళకు రాసిన సలహాలను ఇక్కడ ముప్పై నాలుగేళ్ళ మనిషికి ఉన్నవి ఉన్నట్టు అప్పజెబితే సరిపోదు.

ఇంత చిన్న వయసులో ఎందుకు చేయించుకుంటున్నారన్న ప్రశ్నకు జవాబు డాక్టర్ల డబ్బాశ ఒక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. చాలామందికి పాతికేళ్ళు నిండకముందే అది అయిపోతుంది. పిల్లలు పుట్టడం అయిపోయాక గర్భసంచితో ఇక పనేముందన్న ఆలోచన ఇంట్లోవాళ్ళకూ వస్తుంది, చూసే డాక్టరుకూ వస్తుంది. తెల్లబట్ట అవుతున్నా, నడుము లాగుతున్నా, నెలసరి ఎక్కువైనా "వదిలేస్తే క్యాన్సర్ అవుతుందేమో" అనే భయం తోడవుతుంది. దానికి తోడు ముట్టు చుట్టూ ఉన్న అంటు. పండగ రోజు దూరంగా కూర్చోనక్కర్లేదు, గుడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు, పొలంలో గుడ్డ మార్చుకునే చోటు కోసం వెతుక్కోనక్కర్లేదు అనే ఊరట తక్కువదేమీ కాదు. ఆ ఊరట కోసం ఒక అవయవాన్ని ఇచ్చేయాల్సిన పరిస్థితి రావడమే అన్యాయం.

వీటన్నిటి మీదా ప్రైవేటు ఆసుపత్రుల వ్యాపారం నడిచింది. దేశంలో ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటులోనే జరుగుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటులో జరిగిన గర్భసంచి ఆపరేషన్ల మీద పెద్ద దుమారమే రేగింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా గర్భసంచులు తీసేశారంటూ డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను 3 నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ చర్చంతా ఆపరేషన్ అవసరమా కాదా అన్న దగ్గరే ఆగిపోతోంది. అది అడగాల్సిన ప్రశ్నే. అయితే ఆపరేషన్ ఇప్పటికే అయిపోయిన లక్షల మంది ఆడవాళ్ళ మిగతా జీవితం సంగతి అందులో లేదు.

గర్భసంచి తీసేస్తే ఆడతనం పోతుంది, కోరిక చచ్చిపోతుంది, లోపల డొల్ల అవుతుంది, మగాడికి తేడా తెలిసిపోతుంది అనే మాటలు ఊళ్ళలోనే కాదు, అపార్ట్‌మెంట్లలోనూ వినిపిస్తాయి. నిజమేమిటో చూద్దాం. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1,100 మందికి పైగా ఆడవాళ్ళను ఆపరేషన్‌కు ముందు, ఆ తర్వాత రెండేళ్ళ పాటు పలకరిస్తూ చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. కలయికలో తరచూ నొప్పి ఉందన్నవాళ్ళు ఆపరేషన్‌కు ముందు 18.6 శాతం. రెండేళ్ళ తర్వాత 3.6 శాతం. కోరిక తక్కువగా ఉందన్నవాళ్ళు 10.4 నుంచి 6.2 శాతానికి తగ్గారు. భావప్రాప్తి కలగడం లేదన్నవాళ్ళు కూడా తగ్గారు. అంటే సగటున చూస్తే దాంపత్యం చెడలేదు, మెరుగైంది.

ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. పెద్ద పెద్ద గడ్డలతో, గర్భసంచి గోడల్లోకి పొర పెరిగిపోయే అడినోమయోసిస్‌తో, నెలలో పదిహేను రోజులు రక్తస్రావంతో, హిమోగ్లోబిన్ ఆరు ఏడుకు పడిపోయి మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి కలయిక మీద మనసెలా పోతుంది? ఆ బాధ తీరి ఒంట్లో రక్తం పడితే కోరిక దానంతటదే తిరిగి వస్తుంది. నిజంగా అవసరమై చేసిన ఆపరేషన్ చాలామందికి జీవితాన్ని తిరిగి ఇస్తుంది.

కానీ ఆ సగటును చూపించి "ఏం కాదమ్మా" అని పంపించేయడం తప్పు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. ఆపరేషన్‌కు ముందే డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళలో ఆ తర్వాత కూడా నొప్పి, పొడిబారడం, కోరిక లేకపోవడం ఎక్కువగా కనిపించాయి. సరైన కారణం లేకుండా, తెల్లబట్ట అనో నడుము నొప్పి అనో తీసేసిన చోట ఫలితం మరోలా ఉంటుంది. మందులతో తగ్గే ఇన్ఫెక్షన్‌కు అవయవం పోయింది, నడుము నొప్పి అలాగే ఉండిపోయింది. తగ్గాల్సిన బాధే లేనప్పుడు మిగిలేది ఆపరేషన్ తెచ్చిన నష్టమే. మేరీల్యాండ్ అంకెలు అలాంటివాళ్ళకు వర్తించవు.

అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేవి అండాశయాలు. గర్భసంచికి అటొకటి ఇటొకటి ఉండే ఈ రెండు చిన్న గ్రంథులే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ను తయారుచేస్తాయి. మగ హార్మోన్ అని పేరున్నా ఆడవాళ్ళ ఒంట్లోనూ ఉండే టెస్టోస్టెరోన్‌లో దాదాపు సగం వీటి పుణ్యమే. గర్భసంచి ఈ హార్మోన్లను తయారుచేయదు. కాబట్టి గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు ఆగవు. రెంటినీ తీసేస్తే పరిస్థితి పూర్తిగా వేరు. సహజంగా ముట్లుడిగేటప్పుడు నాలుగైదేళ్ళలో మెల్లగా జరిగే మార్పు ఇక్కడ ఒక్క రోజులో జరిగిపోతుంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే ఒళ్ళంతా సెగలు, రాత్రి చెమటలు, నిద్రలేమి, ఊరికే చిరాకు, ఏడుపు మొదలవుతాయి. కొన్ని నెలలకు యోని పొర పలచబడి పొడిబారుతుంది, సాగే గుణం తగ్గుతుంది. కలయిక అంటే మంట, చిరుగుతున్నట్టు నొప్పి. తర్వాత్తర్వాత మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు. కీళ్ళు, ఎముకలు, గుండె మీద పడే ప్రభావం ఇంకా నెమ్మదిగా బయటపడుతుంది. దాదాపు 29 వేల మంది అమెరికన్ నర్సుల వివరాలతో 2009లో వచ్చిన విశ్లేషణలో గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినవాళ్ళలో, వాటిని ఉంచుకున్నవాళ్ళ కంటే గుండెజబ్బులూ మరణాలూ ఎక్కువగా కనిపించాయి.

ఇంత ముఖ్యమైన విషయం ఆ ఆడమనిషికే తెలియదు. "అన్నీ తీసేశారా, సంచి ఒక్కటేనా" అని అడిగితే "తెలీదండీ, ఆపరేషన్ చేశారు" అనేవాళ్ళే ఎక్కువ. తెలుసుకునే దారి డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది. "చేసిన ఆపరేషన్" అన్న చోట మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీశారని. టీఎల్‌హెచ్ అంటే చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీతో, వీహెచ్ అంటే కింది నుంచి. వాటి పక్కన బీఎస్ఓ అని ఉంటే రెండు వైపులా అండాశయాలు, ట్యూబులు కూడా తీసేసినట్టు. యూఎస్ఓ అని ఉంటే ఒక వైపే. బీఎస్ అని మాత్రమే ఉంటే ట్యూబులు తీసి అండాశయాలు ఉంచారని. ఆ కాగితం పోయినా తీసిన ముక్కను పరీక్షించిన బయాప్సీ రిపోర్టు ఉంటే అందులో ఏమేం పంపారో రాసి ఉంటుంది. రెండూ లేకపోతే ఒక స్కానింగ్, అవసరమైతే అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్ఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ఆ ఒక్క సమాచారం మీద తర్వాతి వైద్యమంతా ఆధారపడి ఉంటుంది కనుక, ఆ కాగితాన్ని భూమి పట్టాదారు పాసుపుస్తకం దాచినంత జాగ్రత్తగా దాచుకోవాలి.

అండాశయాలు ఉంచినంత మాత్రాన పూర్తిగా నిశ్చింత అనుకోవడానికీ లేదు. గర్భసంచి తీసేసినవాళ్ళలో, అండాశయాలు అలాగే ఉన్నా, అవి ముందుగా పనిమానేసే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపని అమెరికాలో జరిగిన పరిశీలన చెబుతోంది. నెలసరి ఎలాగూ ఉండదు కాబట్టి అండాశయాలు ఎప్పుడు ఆగాయో తెలిపే గుర్తు కూడా ఉండదు. 39 ఏళ్ళకే సెగలు, నిద్ర పట్టకపోవడం, పొడిబారడం మొదలైతే "టెన్షన్ ఎక్కువైంది" అని సరిపెట్టుకుంటారు. ఇంట్లోవాళ్ళు ఇంకో మాట అంటారు. హార్మోన్ అనే ఆలోచన ఎవరికీ రాదు.

గర్భసంచి కింది కొస అయిన గర్భాశయ ముఖద్వారాన్ని ఉంచితే భావప్రాప్తి బాగుంటుందనే వాదన ఒకప్పుడు బలంగా ఉండేది. దాన్ని తేల్చడానికి లండన్‌లో 279 మంది మీద చేసిన ప్రయోగం 2002లో వెలువడింది. కొందరికి మొత్తం తీశారు, కొందరికి ముఖద్వారం ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే దాంపత్యంలో గానీ మూత్రం, మలం విషయంలో గానీ రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. స్పర్శ, సుఖం ప్రధానంగా అందేది యోని ద్వారానికి పైన ఉండే చిన్న అవయవం క్లిటోరిస్ నుంచి, దానికి వెళ్ళే నరాల నుంచి. మామూలు గర్భసంచి ఆపరేషన్ వాటి జోలికి పోదు. అయితే భావప్రాప్తి సమయంలో గర్భసంచి బిగుసుకోవడాన్ని స్పష్టంగా అనుభవించే ఆడవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు ఆ అనుభూతి పోయిందని అనిపించడం భ్రమ కాదు. అలాంటి మనిషి ఆ మాట చెప్పినప్పుడు కొట్టిపారేయకుండా వినాలి.

రెండు నెలలు ఆగమనడానికి కారణం సూటిగా చెప్పొచ్చు. గర్భసంచి, ముఖద్వారం తీసేశాక యోని పైభాగంలో ఒక తెరుచుకున్న చోటు మిగులుతుంది. దాన్ని కుట్లు వేసి మూసేస్తారు. పైన పొట్ట మీద గాయం పదిహేను రోజుల్లో ఆరినట్టు కనిపించినా ఈ లోపలి కుట్టు గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. లాప్రోస్కోపీలో బయట చిన్న రంధ్రాలే ఉంటాయి కాబట్టి త్వరగా మానిపోయిందనుకుంటారు. నిజానికి లోపలి కుట్టు విడిపోయే ప్రమాదం లాప్రోస్కోపీలో కాస్త ఎక్కువే. ఆ కుట్టు మానిందో లేదో డాక్టరు ఒకసారి పరీక్షించి చెప్పాక మొదలుపెట్టాలి. ఈలోగా దగ్గరగా పడుకోకూడదని, ముట్టుకోకూడదని అర్థం కాదు. చాలా ఇళ్ళలో ఆ మాటను అలాగే అర్థం చేసుకుని పక్కలు వేరు చేసుకుంటారు. రెండు నెలల దూరం రెండేళ్ళయిపోతుంది. మళ్ళీ దగ్గర కావడానికి ఎవరు ముందు అడుగు వేయాలో ఇద్దరికీ తెలియదు.

మగవాడి వైపు భయాలు కూడా ఉంటాయి. లోపల కుట్లు తెగిపోతాయేమో, ఆమెకు నొప్పి పుడుతుందేమో అని కొందరు ఏళ్ళ తరబడి వెనక్కి తగ్గుతారు. ఆమెకేమో "నేను ఇక పనికిరాను అనుకుంటున్నాడు" అనిపిస్తుంది. ఇంకో రకం మగవాళ్ళూ ఉన్నారు. నలభై రోజులు కూడా ఆగరు. నొప్పి అంటే నాటకమంటారు, బయటికి వెళ్తానని బెదిరిస్తారు. ఆపరేషన్ తర్వాతి దాంపత్య సమస్యల్లో శరీరం వాటా ఎంతో ఇంటి వాతావరణం వాటా కూడా అంతే. నిర్ధారణ రాసేటప్పుడు డాక్టర్లు దాన్ని వదిలేస్తారు. భర్తను కూర్చోబెట్టి అయిదు నిమిషాలు బొమ్మ గీసి చూపిస్తే మొదటి రకం భయాలు చాలావరకు అక్కడే పోతాయి. రెండో రకానికి డాక్టరు నోటి నుంచి గట్టిగా వచ్చే "వద్దు" అన్న మాట ఎంతో కొంత రక్షణ.

పొడిబారడానికి వైద్యం ఉంది, ఖరీదైనది కూడా కాదు. మెడికల్ షాపులో దొరికే లూబ్రికెంట్ జెల్, నీళ్ళతో కడిగితే పోయే రకం, కలయిక సమయంలో వెంటనే పనికొస్తుంది. సబ్బుతో, యాంటీసెప్టిక్ కలిపిన నీళ్ళతో లోపల కడుక్కునే అలవాటు మానేయాలి. అది ఉన్న తేమను కూడా పోగొడుతుంది. అసలు సమస్యకు పనిచేసేది యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము. సాధారణంగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. పది రోజులు వాడి "లాభం లేదు" అని వదిలేసేవాళ్ళు ఎక్కువ. ఎంతకాలం వాడాలో చెప్పకపోవడమే అందుకు కారణం. ఈ క్రీము నుంచి రక్తంలోకి చేరే హార్మోను చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మాత్రం తమ క్యాన్సర్ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

నొప్పికి ఇంకో కారణం కటి కండరాలు. ఒకసారి నొప్పి అనుభవమయ్యాక, మళ్ళీ దగ్గరకు రాగానే ఆ కండరాలు తమంతట తాము బిగుసుకుపోతాయి. దాంతో నొప్పి పెరుగుతుంది, నొప్పితో భయం పెరుగుతుంది. ఇలాంటివాళ్ళకు ఆ కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామం చేయమనడం అన్నివేళలా సరైన సలహా కాదు, బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించమన్నట్టవుతుంది. వాళ్ళు ముందు వదులు చేయడం నేర్చుకోవాలి. ఆ పని నేర్పే ఫిజియోథెరపిస్టులు హైదరాబాద్‌లో కనిపిస్తారు గానీ జిల్లాల్లో దొరకడం కష్టం.

45 ఏళ్ళలోపు రెండు అండాశయాలూ తీసేసినవాళ్ళ విషయంలో క్రీముతో ఆగిపోకూడదు. ఒంట్లో ఉండాల్సిన ఈస్ట్రోజెన్ పదేళ్ళో పదిహేనేళ్ళో ముందే పోయింది కాబట్టి, అడ్డంకులు లేకపోతే సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా దాన్ని మాత్రగానో, పైపూత జెల్‌గానో తిరిగి ఇవ్వాలన్నది ప్రపంచవ్యాప్తంగా గైనకాలజీ సంఘాల సలహా. ఇక్కడ అది అమలు కావడం అరుదు. "హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుంది" అనే భయం 2002లో అమెరికాలో ఆపేసిన ఒక పెద్ద ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగంలో అప్పుడు ఆపింది ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు కలిపి ఇచ్చిన భాగాన్ని. గర్భసంచి ఉన్నవాళ్ళకు లోపలి పొర పెరిగిపోకుండా ఆ రెండో మందు కలపాల్సి వస్తుంది. గర్భసంచి లేనివాళ్ళకు ఆ అవసరమే లేదు. గర్భసంచి తీసేసిన సుమారు 10,700 మందిలో దాదాపు సగం మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే, మిగతావాళ్ళకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన ఫలితాలు 2004లో వచ్చాయి. ఈస్ట్రోజెన్ తీసుకున్నవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం ముప్పు కొంత పెరిగింది, అయితే ఆ ప్రయోగంలో ఉన్నవాళ్ళు 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళు. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు, కొన్ని క్యాన్సర్లు వచ్చినవాళ్ళకు ఈ మందు పనికిరాకపోవచ్చు. మిగతా 36 ఏళ్ళ, 38 ఏళ్ళ ఆడవాళ్ళను ఆ పాత భయంతో మందు లేకుండా వదిలేయడం వాళ్ళ ఎముకలకూ కాపురానికీ చేస్తున్న అన్యాయమే.

గర్భసంచి జారిపోయినవాళ్ళ కథ కొంచెం వేరు. కింద ఏదో బయటికి వస్తున్నట్టు ఉండటం, దగ్గినా తుమ్మినా మూత్రం పడటం, సిగ్గుతో భర్తకు దూరంగా ఉండటం. ఆపరేషన్ తర్వాత వీళ్ళలో చాలామంది బాగుపడతారు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, జారడం మళ్ళీ రాకూడదని యోని వెనుక గోడను, పక్క కండరాలను మరీ దగ్గరికి లాగి కుడితే దారి ఇరుకైపోయి కలయిక అసాధ్యమవుతుంది. "ఈ వయసులో ఇంకా అవసరమా" అని ఎవరికి వారు అనుకుని అడగకుండానే బిగించేయడం జరుగుతుంది. యాభై అయిదేళ్ళ మనిషికి అవసరమో కాదో చెప్పాల్సింది ఆమె. ఆపరేషన్ కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి అర నిమిషం పట్టదు.

క్యాన్సర్ వల్ల చేసే ఆపరేషన్ మరీ పెద్దది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో గర్భసంచితో పాటు చుట్టూ ఉన్న కణజాలాన్ని, యోని పైభాగంలో కొంత భాగాన్ని కూడా తీస్తారు. మూత్రాశయానికి, యోనికి వెళ్ళే నరాలు ఆ కణజాలంలోనే ఉంటాయి. వాటిని వీలైనంత కాపాడుతూ చేసే పద్ధతులను జపాన్ సర్జన్లు ముందుగా అభివృద్ధి చేశారు. ఇప్పుడు మన పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. మన దగ్గర జబ్బు ఆలస్యంగా బయటపడటంతో చాలామందికి ఆపరేషన్ బదులుగానో, దాని తర్వాతో రేడియేషన్ ఇస్తారు. దాంపత్యం మీద ఎక్కువ దెబ్బ అక్కడే పడుతుంది. రేడియేషన్ యోని గోడలను గట్టిపరుస్తుంది, అతుక్కుపోయేలా చేస్తుంది, అండాశయాలను ఆపేస్తుంది. అతుక్కుపోకుండా ఉండటానికి డైలేటర్ అనే నున్నటి గొట్టాన్ని జెల్ రాసి వారానికి రెండు మూడు సార్లు కొన్ని నిమిషాలు వాడాలి, నెలల తరబడి. చికిత్స అయిన కొన్ని వారాలకే మొదలుపెడితే ఉపయోగం. ఇది కలయిక కోసమే కాదు. దారి మూసుకుపోతే జబ్బు మళ్ళీ వచ్చిందా అని పరీక్షించడం కూడా డాక్టరుకు కష్టమవుతుంది. రేడియేషన్ తప్పదని ముందే తెలిసిన చిన్న వయసు వాళ్ళకు అండాశయాలను కిరణాలు తగలకుండా పైకి జరిపి కుట్టే వీలు కూడా ఉంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో నగరానికి వచ్చి రేడియేషన్ తీసుకుని వెళ్ళిపోయే మనిషికి ఇవన్నీ వెళ్ళేలోపే చెప్పాలి, మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామంటే అప్పటికి ఆలస్యమవుతుంది. ఈ క్యాన్సర్ కలయిక ద్వారా భర్తకు అంటుకోదని కూడా అప్పుడే ఇద్దరికీ చెప్పాలి. ఆ ఒక్క అపోహతో భార్యలను పుట్టింటికి పంపేసినవాళ్ళున్నారు.

డాక్టర్లు ఎందుకు మాట్లాడరంటే, సమయం లేకపోవడం నిజమే. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దక్కితే గొప్ప. కానీ ప్రైవేటులోనూ మాట్లాడరు. వైద్యవిద్యలో ఈ విషయం పెద్దగా చెప్పరు, అడిగితే ఏమనుకుంటారో అని డాక్టరుకూ బిడియం. అమెరికన్ మనస్తత్వవేత్త జాక్ ఆనన్ 1976లో దీనికి ఒక తేలిక దారి చూపించాడు. ముందు రోగికి మాట్లాడే అనుమతి ఇవ్వాలి, తర్వాత కొంత సమాచారం, ఆ తర్వాత నిర్దిష్టమైన సలహా, అప్పటికీ తీరకపోతేనే నిపుణుల దగ్గరికి. ఎక్కువమందికి మొదటి రెండు మెట్లే చాలు. "ఆపరేషన్ తర్వాత చాలామందికి కలయికలో మంట, నొప్పి ఉంటుందమ్మా, మీకు ఎలా ఉంది?" అని నర్సు అడిగినా ఆ అనుమతి ఇచ్చినట్టే. "చాలామందికి" అన్న మాట వినగానే, తానొక్కతే కాదని తెలిసి ఆమె నోరు తెరుస్తుంది. తెలుగు పల్లెల్లో ఈ ప్రశ్న అడగగలిగే మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు కుటుంబ నియంత్రణ గురించి, కాన్పుల గురించి ఇంటింటికీ తిరిగి మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్ళ రిజిస్టర్లలో గర్భసంచి తీసేసిన ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టి, ఆ కార్యకర్తలకు తగిన శిక్షణ ఇస్తే పెద్ద ఖర్చు కాదు.

ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి కూడా ఉన్నాయి. నెలసరి ఎక్కువైతే రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్, గడ్డలు మాత్రమే తీసే ఆపరేషన్ లాంటి దారులు చాలామందికి పనిచేస్తాయి. అవి ప్రయత్నించారా? తప్పనిసరి అయితే, అండాశయాల మీద జబ్బు గానీ వంశపారంపర్య క్యాన్సర్ ముప్పు గానీ లేనప్పుడు "ఎలాగూ పొట్ట కోస్తున్నాం, అవి కూడా తీసేద్దాం" అనే మాటను ఒప్పుకోవాలా? ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక ఈ సంగతి తేల్చుకోలేరు. ముందే రాయించుకోవాలి.

ఇదంతా భర్త ఉన్నవాళ్ళకే అనుకోకూడదు. ముప్పై ఏళ్ళకు ఆపరేషన్ అయి, నలభైకి భర్త పోయిన ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. కలయిక లేదు కాబట్టి ఈ వైద్యం అక్కర్లేదని వాళ్ళను ఎవరూ పలకరించరు. కూర్చుంటే మంట, నడిస్తే ఒరుపు, నెలకోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్, దానికి మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్స్. చాలాసార్లు దానికి మూలం అదే పొడిబారిన పొర, దానికి వైద్యం అదే క్రీము. ఆపరేషన్ అయి పదేళ్ళయినా, పదిహేనేళ్ళయినా అది పనిచేస్తుంది. ఆ మాట చెప్పి చీటీ రాసివ్వడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చాలు.